మీరైతే ఏం చదవమంటారు?

"తప్పక చదవాల్సిన పుస్తకం" అనే మాట మీద నాకు చాలాకాలంగా అనుమానం. ఎవరికి తప్పదు? ఎందుకు తప్పదు? ఆ మాట అన్నవాళ్ళు ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పగా నేను విన్నది తక్కువ. సమీక్షల చివర్లో, సభల్లో, ఫోన్లో "ఈమధ్య ఏం చదువుతున్నారు?" అన్న పలకరింపు తర్వాత, ఈ మాటే వినిపిస్తుంది. పుస్తకం పేరు చెప్పడం మన దగ్గర మర్యాదలో భాగమైపోయింది, భోంచేశారా అని అడిగినట్టు. అడిగినవాళ్ళు వడ్డించాలనేం లేదుగా.

సిఫారసు అనే మాటకే మా వైపు మంచి పేరు లేదు. ఎమ్మెల్యేగారి దగ్గర తెచ్చుకునే ఉత్తరం అది. పుస్తకాల సిఫారసు కూడా చాలాసార్లు ఆ ఉత్తరంలాగే ఉంటుంది: రాసినాయన మనవాడు, మన ఊరివాడు, నా పుస్తకం గురించి పోయినేడు రెండు మంచి ముక్కలు రాసినవాడు. కానీ సరిగ్గా చేస్తే అది అన్నిటికన్నా చిన్న విమర్శ. ఈ పుస్తకంలో ఫలానాది ఉంది, మీకు ఫలానా కారణాన అది పనికొస్తుంది అని చెప్పడానికి పుస్తకాన్నీ చదివి ఉండాలి, ఎదుటి మనిషినీ కాస్త చదివి ఉండాలి. రెండోది మరీ కష్టం.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, గుంటూరులో మేం ఏడెనిమిది మందిమి నెలకో ఆదివారం కలుస్తాం. సంఘం కాదు, పేరూ బ్యానరూ లేవు. ఒక్కొక్కరూ ఆ నెల చదువుతున్నదేంటో చెప్పాలి, అంతే. రిటైరైన తెలుగు మాస్టారొకాయన, ఒక నర్సు, ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు, మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తా ఒకతను. ఆదివారం యార్డుకి సెలవు కాబట్టి అతనికి వీలవుతుంది. ఆర్నెల్ల క్రితం కొత్తగా వచ్చినప్పుడు అతను అడిగాడు: "మాస్టారూ, నేను వారపత్రికలు తప్ప చదివినోణ్ణి కాదు. నాకు మంచి పుస్తకాలు చెప్పండి." అంతా కలిసి ఓ కాగితం నింపి ఇచ్చారు. ఆ రోజు నేను లేను, కాగితం తర్వాత చూశాను. 'మాలపల్లి', 'గబ్బిలం', 'అసమర్థుని జీవయాత్ర', 'చివరకు మిగిలేది', 'మైదానం', 'వేయిపడగలు', 'అమృతం కురిసిన రాత్రి', 'మహాప్రస్థానం'... మొత్తం పదకొండు.

ఒక్క పేరునీ కాదనలేం. అదే ఇబ్బంది. తెలుగునాట ఎక్కడ ఎవరడిగినా ఇదే కాగితం ఇస్తారు, పదో తరగతి పిల్లకీ, పదవీ విరమణ చేసినాయనకీ. అందులో అడిగిన మనిషి లేడు. యార్డులో టిక్కీ విప్పకుండా, గుప్పెడు కాయలు తీసి విరిచి చూడకుండా, తాలు ఎంత కలిసిందో, తేమ ఎంతుందో తేల్చుకోకుండా ఎవరూ ధర చెప్పరు. ఆ పని రోజూ చూసే మనిషికి మనం ఇచ్చింది లేబుళ్ళ జాబితా.

అతను అందులోంచి 'అసమర్థుని జీవయాత్ర' తీసుకున్నాడు. ఎందుకంటే సన్నగా ఉందట. ఇది కూడా పుస్తకాన్ని ఎంచుకోడానికి ఓ కారణమే, ఈ సంగతి విమర్శకులు ఒప్పుకోరు గానీ.

గోపీచంద్ నవల కథ చాలామందికి తెలుసు. తండ్రి దగ్గర్నుంచి ఆస్తితోపాటు వంశప్రతిష్ఠ అనే బరువుని కూడా తెచ్చుకున్న సీతారామారావు, ఆ ప్రతిష్ఠ కోసం ఉన్నదంతా పోగొట్టుకుని, అందరి మీదా విరక్తి పెంచుకుని, ఆఖరికి శ్మశానంలో చచ్చిపోతాడు. తెలుగులో మొదటి మనోవైజ్ఞానిక నవల అని పాఠ్యపుస్తకాలు ఓ ముద్ర వేశాయి. ఆ ముద్ర దాటి దాని గురించి మాట్లాడుకున్నది మళ్ళీ తక్కువే.

తర్వాతి నెల గుమాస్తా వచ్చి ఇలా అన్నాడు: "ఈయనకి ఆస్తి అంతా పోయింది గదండీ. పోయినందుకు ఏడవడేంటి? మనుషుల మీద ఏడుస్తాడు." మాస్టారు ఓపిగ్గా చైతన్యస్రవంతి, అంతర్ముఖత్వం అని ఏదో చెప్పబోయారు. అతను వింటూనే అడ్డం తగిలాడు. వాళ్ళ బావది ప్రకాశం జిల్లా. కౌలుకి తీసుకుని మిరప వేస్తాడు. 2021-22లో నల్ల తామర పురుగు పడి పూత నిలవలేదు, చేను మొత్తం పోయింది. మందులకి చేసిన అప్పు, కౌలు అప్పు రెండూ మిగిలాయి. "మా బావకి పంట పోయింది, ఈయన తనే పోగొట్టుకున్నాడు. అది వేరు, ఇది వేరు. కానీ అప్పు సంగతి ఏడాది దాకా మా అక్కకి చెప్పలేదండీ మా బావ. పరువు పోద్దని. అక్కడ మాత్రం ఇద్దరూ ఒకటే."

ఆ నవల మీద నేను చదివిన వ్యాసాల్లో చాలావాటికంటే ఈ నాలుగు వాక్యాలు నాకు ఎక్కువ పనికొచ్చాయి. సీతారామారావు ఆలోచనల గురించే రాస్తూ వచ్చాం మనం. అతని రోగం పేరు గోపీచంద్ మొదట్లోనే చెప్పేశాడు, ప్రతిష్ఠ. అది అంతర్ముఖుల రోగం కాదు, ఊళ్ళ రోగం. 1987-88లో పత్తికి తెల్లదోమ పట్టినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. అప్పులూ ధరలూ నకిలీ మందులూ, వీటి గురించి రాశారు, రాయాలి కూడా. ఇంట్లో చెప్పుకోలేకపోవడం గురించి, నలుగురిలో తలెత్తుకోలేకపోవడం గురించి, 1940ల నాటి ఓ నవలలో అప్పటికే ఉందని ఎవరూ దాన్ని తీసి ఆ ఊళ్ళలో ఎవరి చేతిలోనూ పెట్టినట్టు లేదు. పెట్టాలా వద్దా అన్నది కూడా తేలిక ప్రశ్న కాదు. శ్మశానంలో ముగిసే పుస్తకాన్ని అప్పుల్లో ఉన్న ఇంటికి "తప్పక చదవండి" అని పంపడం నా వల్ల కాదు. వాళ్ళ బావకి ఆ నవల ఇవ్వమని గుమాస్తాకి నేను చెప్పలేదు. అక్కకి ఇవ్వొచ్చు అనుకున్నాను, అదీ పక్కన కూర్చుని మాట్లాడేవాళ్ళుంటే. ఎవరికి ఇవ్వకూడదో తెలియడం కూడా సిఫారసులో భాగమే.

ఈ పని తెలిసినవాళ్ళు మన దగ్గర లేకపోలేదు. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లా డెల్టా కాలువల మీద పడవల్లో పుస్తకాలు తిప్పారు. ప్రయాణం నెమ్మది, దిగేదాకా చదువుకోవచ్చు. ఎవరెక్కడ దిగుతారో తెలిస్తే ఎంత పుస్తకం ఇవ్వాలో తెలుస్తుంది. (ఆ పడవ పత్తీ మిరపా పండే మెట్టకి రాలేదు. సాగర్ కుడి కాలువ రాక ముందు మా వైపు నీళ్ళే లేవు, పడవెక్కడిది.) ఆ తర్వాత ఎమెస్కో వాళ్ళ ఇంటింటి గ్రంథాలయం వచ్చింది, డబ్బు కడితే పోస్టులో పుస్తకాలు. మేలు చేసింది, కాదనను. కానీ పోస్టుమాన్‌కి మన రుచి ఏం తెలుసు.

తెలిసిందల్లా అద్దె పుస్తకాల కొట్టు ఆయనకి. విమర్శ చరిత్రల్లో ఆయన పేరుండదు. 70లు, 80ల్లో గుంటూరు, తెనాలి, నరసరావుపేట, చీరాల, ఏ ఊళ్ళో చూసినా బస్టాండు దగ్గరో సినిమా హాలు పక్కనో ఓ గూడు లాంటి కొట్టు, అట్టలు ఊడిపోతే మళ్ళీ కుట్టిన యద్దనపూడి, యండమూరి, మధుబాబు, పత్రికల్లోంచి చింపి బైండు చేసిన సీరియళ్ళు. ఏ ఇంటి అమ్మాయికి ఏది నచ్చిందో, ఏది సగంలో తిరిగొచ్చిందో ఆయనకి గుర్తు. "ఇది మీకు నచ్చదమ్మా, మీ పెద్దమ్మగారికి ఇవ్వండి" అనగలిగిన మనిషి. నచ్చకపోతే మర్నాడు వచ్చి మొహానే చెప్తారు, అద్దె వదులుకోవాలి. కాబట్టి జాగ్రత్తగా చెప్పేవాడు. ఆయన ఇచ్చినవి గొప్ప పుస్తకాలు కావని ఈసడించడం తేలిక. గొప్ప పుస్తకాలు తెలిసినవాళ్ళకి ఆ జాగ్రత్త లేదన్నది నా ఫిర్యాదు.

కాగితం మీద నిలబడి చేసిన సిఫారసులు కూడా ఉన్నాయి. 1990 కథలతో మొదలుపెట్టి వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ ఏటా వేసిన 'కథ' సంకలనాలు అలాంటివి. ఈ ఏడు కథల్లో మేం మంచివనుకున్నవి ఇవీ అని పేర్లు పెట్టుకుని చెప్పారు. ప్రతి ఏడూ ఎవరో ఒకరు పోట్లాడారు. పోట్లాడదగ్గ సిఫారసు కాబట్టే పోట్లాడారు. పదకొండు పేర్ల కాగితంతో ఎవరు పోట్లాడతారు?

ఇక 'మాలపల్లి'. గుంటూరులో శారదానికేతనం నడిపిన ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో జైల్లో రాసిన నవల, బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించిన నవల. మా కాగితంలో మొదటి పేరదే. దాన్ని చెప్పేటప్పుడు అందరూ "దళితుల జీవితం" అంటారు. మాలవాడైన కుర్రాడికి వాళ్ళ తాత ముత్తాతల కష్టం గురించి చెప్తున్నట్టు ఉంటుంది ఆ గొంతు. అతనికి తెలియనిదా అది? అతనికైతే జాషువా 'గబ్బిలం' ఉంది, లక్ష్మీనరసయ్య, త్రిపురనేని శ్రీనివాస్ 1995లో తెచ్చిన 'చిక్కనవుతున్న పాట' ఉంది. వాళ్ళ సంగతి వాళ్ళే చెప్పుకున్నవి. 'మాలపల్లి' నా లెక్కలో ఇంకొకరు చదవాల్సిన పుస్తకం. రామదాసు మంచితనం కోసం కాదు, చౌదరయ్య కోసం. ఊళ్ళో పెద్దరైతు, తన లెక్కలో తను న్యాయంగానే ఉన్నవాడు, కూలి గురించి నిలబడి మాట్లాడిన సంగదాసుని కోపంలో కొట్టి చంపుతాడు. ఆ ఇంటి కుర్రాడు రామానాయుడికి సంగదాసు స్నేహితుడు కూడా.

అరవై ఏళ్ళు దాటాక, 1985లో కారంచేడు. ఆ తర్వాత 1991లో చుండూరు. మేం పాత పత్రికలు చూడ్డానికి అప్పుడప్పుడూ వేటపాలెం వెళ్తుంటాం, 1918 నుంచి ఉన్న సారస్వత నికేతనానికి. చీరాల దాటితే అటు వేటపాలెం, ఇటు కారంచేడు, రెండూ అంతంత దూరమే. గాంధీగారి చేతికర్ర చూసి వచ్చామని అందరం చెప్పుకుంటాం. 'మాలపల్లి' గొప్పదని కూడా చెప్పుకుంటాం. ఈ రెండు ఊళ్ళనీ ఒకే వాక్యంలో కలిపి, ఇదిగో ఇందుకు ఆ నవల చదవండి అని మా చుట్టాల్లో పొలాలున్నవాళ్ళకి చెప్పినవాళ్ళు నాకు ఒక్కరూ తగల్లేదు.

అందుకని ఈసారి నేనే ఇచ్చాను, పెదనాన్న వరసయ్యే ఒకాయనకి. పత్తీ మిరపా కలిపి ఇరవై ఎకరాలు, కూలి రేట్ల మీద రోజూ విసుక్కునే మనిషి. మొత్తం చదవక్కర్లేదు, సంగదాసు చనిపోయే దగ్గర చీటీ పెట్టాను, ముందు అది చదవండి, చౌదరయ్య ఎట్లాంటివాడో మీ నోటితో వినాలనుంది అన్నాను. మూడు వారాలకి పుస్తకం తిరిగొచ్చింది. చీటీ ఇంకా ముందుకి జరిగి ఉంది.

"చౌదరయ్య మరీ అంత చెడ్డోడేం కాదు లేరా" అన్నాడు.

"చెడ్డవాడని ఉన్నవ కూడా అనలేదు పెదనాన్నా. చంపాడని రాశాడు."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత రెండో భాగం ఉందా అని అడిగాడు. పట్టుకెళ్ళి ఇచ్చాను.