నల్లమలకు నల్లరంగు వద్దు

నంద్యాలలో నిలబడితే తూర్పున నల్లమల, పడమట ఎర్రమల. రెంటి నడుమ కుందూ నది, దానికి అటూ ఇటూ నల్లరేగడి చేలు. పేర్లలోనే రంగులున్నాయి కదా అని, ఆరుబయట బొమ్మ వేయడానికి మొదటిసారి కూర్చున్న రోజు నల్లమలకు నల్లరంగే వేశాను, ట్యూబులోంచి పిండింది పిండినట్టు. పక్కన గేదెలు కాచుకుంటున్న పెద్దాయన వచ్చి కాసేపు కాగితాన్నీ, కాసేపు కొండనూ చూసి, "అదేంది సారూ, కొండ కాలిపోయినట్టుండాది" అన్నాడు. ఆయన చెప్పింది నిజం. నేను కొండను చూసి వేయలేదు. దాని పేరును చూసి వేశాను.

ఆ తర్వాత ఏడాది పాటు అదే కొండను వేస్తూ వచ్చాను. శిరివెళ్ల దాటాక రోడ్డు పక్కన ఒక వేపచెట్టు నీడ, రుద్రవరం వైపు ఒక కాలువ గట్టు, వెలుగోడు జలాశయం కట్ట, ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే దారి. తిరిగి తిరిగి ఈ నాలుగు చోట్లకే వెళ్లాను. కొత్త చోటు కోసం వెతుక్కునేవాడికి ప్రతిసారీ చెట్లూ గుట్టలూ కొత్తగా కనిపిస్తాయి. ఒకే చోట మళ్లీ మళ్లీ కూర్చునేవాడికి మారేదేమిటో కనిపిస్తుంది. ఫ్రాన్సులో సెజాన్ తన ఊరి దగ్గరి సెయింట్ విక్టోయిర్ కొండను ఏళ్ల తరబడి వేశాడు. జపాన్‌లో హొకుసాయ్ ఫుజీ కొండను ముప్పై ఆరు దృశ్యాల పేరుతో మొదలుపెట్టి నలభై ఆరు దాకా వేశాడు. ఇద్దరికీ కొండ ఒక్కటే.

కన్ను చెప్పేది వినడానికి చిత్రకారుల దగ్గర పాత ఉపాయం ఒకటుంది. కళ్లు సగం మూసి, చిట్లించి చూడాలి. ఆకులు, రాళ్లు, కరెంటు తీగలు కరిగిపోయి వెలుగు ముద్దలు, నీడ ముద్దలు మాత్రమే మిగులుతాయి. వాటిని అరచేయంత జాగాలో పెన్సిలుతో లేత, నడిమి, ముదురు అనే మూడే ఛాయల్లో గీసుకోవాలి. రెండు నిమిషాల పని. తొందరపడి దాన్ని వదిలేసిన ప్రతిసారీ నా బొమ్మ పాడైంది. రంగు కాస్త తప్పినా బొమ్మ నిలబడుతుంది, ఛాయ తప్పితే నిలబడదు. ఆ తర్వాత ముందుగా నీడల అంచులు గీసేయాలి. సూర్యుడు గంటకు పదిహేను డిగ్రీలు జరుగుతాడు, రెండు గంటలు గడిచేసరికి వేపచెట్టు నీడ మనం చూసిన చోట ఉండదు. అప్పటికి పూర్తికాకపోతే మూట కట్టేసి, మర్నాడు అదే వేళకు రావడమే పద్ధతి.

ఈ లోయ చిత్రకారుడికి చేసే మేలు ఒకటుంది. ఉదయం సూర్యుడు నల్లమల వెనక నుంచి లేస్తాడు కాబట్టి ఆ వేళ కొండ మొత్తం మడతలూ లోతులూ లేని ఒకే రేకులా, ఊదా కలిసిన నీలంగా ఉంటుంది. అల్ట్రామెరీన్ నీలంలో చిటికెడు బర్న్‌ట్ సియెన్నా గోధుమరంగు కలిపి ఒక్క వాష్, అంటే నీళ్లతో పలుచన చేసిన రంగు పొర, పరిస్తే చాలు. సాయంత్రం నాలుగు దాటాక పడమటి ఎండ కొండ ముఖం మీద పడుతుంది. అప్పుడు లోయలు తెరుచుకుంటాయి, గట్లు ముందుకొస్తాయి, పొద్దున నీలంగా ఉన్న చోటే ఇటుకరంగు, తేనెరంగు, మడతల్లో ఊదారంగు. ఎర్రమలకు ఇది తిరగబడుతుంది. పాణ్యం దగ్గర పొద్దున్నే కూర్చుంటే అది నిజంగా ఎర్రమలే. పొద్దుగూకే వేళ అదే కొండ నీలం. అందుకని ఇక్కడ పొద్దున పడమటికీ సాయంత్రం తూర్పుకూ తిరిగి కూర్చుంటే వెలుగు పడిన కొండ దొరుకుతుంది. నీలపు రేకు కావాలంటే అటుది ఇటు.

దూరపు కొండ నీలంగా కనిపించడానికి కారణం గాలిలో ఉంది. కంటికీ కొండకూ మధ్యనున్న గాలి సూర్యకాంతిలోని నీలాన్ని ఎక్కువగా చెదరగొడుతుంది. ఆకాశానికి నీలం వచ్చేదీ ఇలాగే. మైళ్ల మందాన ఉన్న ఆ గాలి కొండ ముందు నీలపు తెరలా నిలుస్తుంది. కాబట్టి నల్లమలను వేయడమంటే సగానికి సగం ఆ తెరను వేయడమే. దుమ్ము, తడి, పొగ, ఎండ ఆ తెరను నెలనెలా మారుస్తాయి. రైతుకు కార్తెలెందుకో చిత్రకారుడికీ అందుకే కావాలని నాకు ఈ ఏడాదిలో తెలిసింది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. నంద్యాలలో ఆ రోజుల్లో ఎండ 44 డిగ్రీలు దాటడం కొత్త కాదు. నీటిరంగులకు అది అగ్నిపరీక్ష. వాష్ పరుస్తూ కుంచె కాగితం ఈ చివరి నుంచి ఆ చివరికి చేరేలోపు మొదటి అంచు ఎండిపోయి గీత పడుతుంది. ఒకసారి గీత పడితే కడిగినా పోదు. దీనికి పని చేసిన మార్గాలు మూడు. కాగితాన్ని రెండు వైపులా బాగా తడిపి అట్టకు అతికించడం, పోస్టుకార్డంత చిన్న కాగితమే పట్టుకోవడం, తెల్లవారుజామున ఐదున్నరకే కూర్చుని ఏడున్నరకు లేవడం. ఈ కార్తెలో నల్లరేగడి కూడా నల్లగా ఉండదు. చెయ్యి దూరేంత బీటలు తీసి బూడిదరంగుకు తిరుగుతుంది. కొండ దుమ్ములోనూ ఎండ సెగలోనూ పాలిపోయి ఆకాశం ఛాయకు దాదాపు సమానమవుతుంది. ఒక ఛాయ తేడాతో కొండనూ ఆకాశాన్నీ విడదీయాలి. ఏడాదిలోకెల్లా సున్నితమైన బొమ్మలు నాకు ఆ పాడు ఎండలోనే వచ్చాయి.

మృగశిరలో మొదటి పదును వాన పడ్డాక నేల ఒక్క పూటలో మారుతుంది. బర్న్‌ట్ అంబర్, అల్ట్రామెరీన్ చిక్కగా కలిపితే తడిసిన రేగడి నలుపు వస్తుంది. ట్యూబులోని నల్లరంగు వేస్తే నేలకు బదులు కాగితంలో బొక్క పడినట్టు కనిపిస్తుంది. తడి నేల ఆకాశాన్ని పట్టుకుంటుంది, అందుకే ఆ నలుపులో నీలం ఉండాలి. వానకు గాలిలోని దుమ్ము కొట్టుకుపోవడంతో కొండ హఠాత్తుగా ముదిరి, దగ్గరికి జరిగినట్టుంటుంది. ఆరుద్రలో ఒక సాయంత్రం కాలువ గట్టున వేస్తుండగా గొర్లు తోలుకుపోతున్న ఒకామె ఆగి, "కొండ దగ్గరికొచ్చింది నాయనా, సర్దుకో, వాన వస్తాది" అంది. అరగంటలో వచ్చింది. ఆమె చెప్పినదాన్ని చిత్రకళ పుస్తకాలు గాలి వల్ల కలిగే దూరభావం అంటాయి. ఆమెకు అది రోజూ వాడే జ్ఞానం.

వానాకాలంలో కష్టం తిరగబడుతుంది, వాష్ ఎంతకీ ఆరదు. ఆరనిదాన్నే వాడుకోవాలి. తడి కాగితం మీద తడిరంగు వదిలితే అది తనంతట తాను పాకి, మబ్బు అంచులా చెదురుతుంది. కుంచెతో దిద్దితే పాడవుతుంది. చెయ్యి వెనక్కి తీసుకోవడం ఆ నెలల్లోనే నేర్చుకున్నాను.

పుబ్బ, ఉత్తర కార్తెలు అన్నిటికన్నా కష్టం, ఎటు చూసినా పచ్చదనమే. కె.సి. కాలువ కింద వరి ఒక పచ్చ, మహానంది అరటితోటలు ఒక పచ్చ, జొన్న ఒక పచ్చ, వేప ఇంకొకటి. ట్యూబులోని ఆకుపచ్చ వీటిలో దేనికీ సరిపోదు. పసుపూ నీలమూ కలిపి, ఘాటు తగ్గడానికి రవ్వంత ఎరుపు చేర్చాలి. లేతవరికి పసుపు ఎక్కువ, అరటాకు వెన్నుకు ఆకాశపు నీలం, వేపకు ఎరుపు కాస్త ఎక్కువ. పొలంలో దిగిన కొంగలకు తెల్లరంగు వేయకూడదు, కాగితపు తెలుపునే వదిలేయాలి. ఎక్కడ వదలాలో మొదట్లోనే నిర్ణయించుకోవాలి, తర్వాత తెలుపు తిరిగి రాదు. ఈ పచ్చదనం వాన ఒక్కదానిది కాదు. తుంగభద్ర నీళ్లను సుంకేసుల నుంచి కడప దాకా తెచ్చే ఈ కాలువను 1863 నుంచి 1870 మధ్య మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సేద్యానికీ పడవలకూ తవ్వించింది. మనిషి గీసిన గీత మీద పెరిగిన పచ్చ ఇది.

కార్తీకంలో వెలుగోడు కట్ట మీద నల్లమల రెండు కొండలవుతుంది, ఒకటి నీళ్లలో. ధనుర్మాసపు ఉదయాల్లో అసలు ఉండదు. మంచులో కొండ లేదని తెలిసినా చెయ్యి గీయబోతుంది. ఆపుకోవాలి.

సంక్రాంతి వెళ్లగానే కనుమ నాటి నుంచి అహోబిలం పారువేట. చెంచుల అల్లుడైన నరసింహస్వామి తన పెళ్లికి పిలవడానికి పల్లకిలో ఊరూరా తిరుగుతాడు. దారి పొడుగునా జనం ఉంటారు కాబట్టి దృశ్యచిత్రంలో మనుషులను వేయడం నేర్చుకోవడానికి అదే అదను. ముఖాలు గీయకూడదు. తలకొక చుక్క, ఒంటికొక కుంచె దెబ్బ, కాళ్ల దగ్గర నీడ, అంతే. ఆ చుక్క కొండ ఎంత ఎత్తో చెబుతుంది. శివరాత్రికి టేకు ఆకు రాల్చి, కొండ వాలు గోధుమరంగులోకి తిరిగి రాళ్లు బయటపడతాయి. మోదుగలు ఆకు లేకుండా పూస్తాయి. వాటికి నారింజ ఎరుపును అసలు పలుచన చేయకుండా, చివర్న, కొద్ది చోట్లే పెట్టాలి. తర్వాత అడవిలో గడ్డి అంటుకునే రోజులు వస్తాయి. పొగ కమ్మితే నీలం తెర మట్టిరంగు తెర అవుతుంది. ఆ బొమ్మలు వేస్తుంటే సంతోషం కలగదు. అయినా వేయాలి, అదీ ఈ కొండ ఏడాదిలో భాగమే.

ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్ల ముందు ఆగి చూసినప్పుడల్లా నాకొకటి అనిపిస్తుంది. ఉలి పని సరిచూసుకోవాలంటే వెలుగు పక్కనుంచి పడాలి. ఎదురుగా పడితే ముక్కూ చెంపా ఒకటే అవుతాయి. వెలుగు పడే దిక్కును బట్టే లోతు కనిపిస్తుందని నల్లమల దగ్గర నేను నేర్చుకున్నదీ ఇదే పాఠం.

తెలుగువాళ్లకు ఈ విద్య కొత్తది కాదు. రాజమండ్రిలో ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయ ప్రిన్సిపాలు, తనూ చిత్రకారుడే, దామెర్ల రామారావును చేరదీసి బొంబాయి జె.జె. స్కూలుకు పంపాడు. 1897లో పుట్టి 1925లోనే పోయిన రామారావు ఆ కొద్ది కాలంలోనే గోదావరి సీమను తన కుంచెలోకి తెచ్చుకున్నాడు. తుమ్మపూడి సంజీవదేవ్ హిమాలయాలు తిరిగి, కులూలో నికొలాస్ రోరిక్‌ను కలిసి, వెనక్కి వచ్చి పల్లెలో కూర్చుని రంగుల గురించి రాశాడు, పాస్టెళ్లతో దృశ్యాలు వేశాడు. గోదావరికీ హిమాలయాలకూ దొరికిన ఆ చూపు కుందూ లోయకూ దొరకాలి. రాయలసీమ అనగానే బీటలు వారిన నేల ఒక్కటే కళ్ల ముందుకు రావడం మన కళ్ల అలవాటు. ఆ నేల రోహిణి కార్తె నాటిది. మిగిలిన ఇరవై ఆరు కార్తెలు కూడా ఈ నేలవే.

ఈ లోయను ఇప్పుడే వేసి పెట్టుకోవడానికి ఇంకో కారణం ఉంది. గని, శకునాల ఊళ్ల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. మెట్టనేల మీద ఇప్పుడు అద్దాలు పరుచుకుని ఆకాశాన్ని చూపిస్తాయి. దాన్ని నేను కొండను వేసినంత శ్రద్ధగానే వేశాను, వేయాలి కూడా. కానీ దానికి ముందు ఆ నేల ఏ రంగులో ఉండేదో నా దగ్గర ఒక్క బొమ్మా లేదు. ఫొటోలున్నాయి. ఫొటో కంటికి కనిపించినదాన్ని ఉంచుతుంది. రెండు గంటలు కూర్చుని ఒక మనిషి దేన్ని ముఖ్యమనుకున్నాడో బొమ్మే ఉంచుతుంది.

డ్రాయింగు సార్లకూ మేడమ్‌లకూ నాదొక మనవి. కార్తీకంలో ఒక ఆదివారం పిల్లలను కుందూ ఒడ్డుకో, శిరివెళ్ల వైపుకో తీసుకెళ్లండి. పోస్టుకార్డంత కాగితాలు, ఒక పసుపు, ఒక ఎరుపు, ఒక నీలం, ఒక గోధుమరంగు చాలు. ఆరున్నరకు కూర్చోబెట్టండి, ఎనిమిదిన్నరకు లేపండి. నల్లరంగు ట్యూబు ఇంట్లోనే వదిలి రమ్మనండి.