ఆసు పోసే చెయ్యి

పోచంపల్లి చీర చూడగానే అందరికీ రంగులు కనిపిస్తాయి. నాకు ఆ రంగులకన్నా ముందు జరిగే పని గుర్తొస్తుంది. అదే ఆసు పోయడం. చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట పోగులను బిగించి కట్టి, రంగులో ముంచేముందు పేక నూలును లెక్కప్రకారం అమర్చుకోవాలి. ఒకవైపు ఒకటే మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. ఆ ఒక్క మేకు దగ్గర్నుంచి పోగును ఎదుటి మేకుకు వేసి, మళ్లీ వెనక్కి తేవాలి. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉంటుంది, చెయ్యి మాత్రం మీటరు దూరం పోయివస్తూనే ఉంటుంది. ఒక చీరకు అలా 9,000 సార్లు దాకా. ఒక్క మేకు తప్పినా డిజైను చెదిరిపోతుంది.

దీన్ని వట్టి ఒళ్లుకష్టం అనడానికి నాకు మనసొప్పదు. ఆ ఒక్క విసురు వెనక ఎంత జరుగుతుందో చూడండి. చెయ్యి ఎటు పోవాలి, ఎంత దూరం, ఎంత బలంగా అన్నది మెదడు ముందు భాగంలో సిద్ధమవుతుంది. మోటార్ కార్టెక్స్ నుంచి ఆజ్ఞ బయల్దేరుతుంది. కుడిచేతికి చాలావరకు ఎడమ మెదడు నుంచే ఆజ్ఞ వస్తుంది, మెదడు కాండం అడుగున ఎక్కువ నరాలు అటువి ఇటు దాటుతాయి కనుక. అక్కణ్ణుంచి ఆజ్ఞ వెన్నుపాములోకి దిగి, మెడ దగ్గరి చలన నాడీకణాలను చేరుతుంది. పైన ఎన్ని కేంద్రాలు కూడబలుక్కున్నా కండరానికి చివరి మాట చెప్పేవి ఆ కణాలే. 1932లో నోబెల్ అందుకున్న షెరింగ్టన్ వాటిని అన్ని ఆజ్ఞలకూ ఉమ్మడిగా ఉన్న ఆఖరి దారిగా వివరించాడు.

ఆజ్ఞతోనే పని తీరదు. భుజం ఎంత లేచింది, పోగు ఎంత బిగిసింది అన్న కబురు కండరాల నుంచి, కీళ్ల నుంచి, వేళ్ల చర్మం నుంచి పైకి పోతుంటుంది. అనుకున్న కదలికను జరిగిన కదలికతో చిన్నమెదడు సరిచూసి, తర్వాతి విసురును దిద్దుతుంది. ఏళ్లకేళ్లు అలా దిద్దుకుంటేనే చెయ్యి తిరుగుతుంది. మెదడు లోపలి బేసల్ గాంగ్లియా ఆ వరసను అలవాటుగా నడిపిస్తాయి. అందుకే పక్కింటామెతో మాట్లాడుతూ కూడా పోగు తప్పకుండా పోయగలుగుతారు.

నేర్పు కండలో లేదనడానికి చేదు రుజువు మా నల్గొండ నీళ్లలోనే ఉంది. మర్రిగూడ, మునుగోడు వైపు తరాలు ఫ్లోరైడ్ నీళ్లు తాగాయి. ఈ జిల్లా ఫ్లోరోసిస్ గురించి సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. జబ్బు ముదిరితే వెన్నుపూసలు మందమవుతాయి, వాటిని పట్టి ఉంచే లిగమెంట్లు ఎముకల్లా గట్టిపడతాయి. వెన్నుపాముకు చోటు ఇరుకవుతుంది. అది నలిగితే కాళ్లు బిగుసుకుంటాయి, చేతుల్లో సత్తువ పోతుంది. పని తలలో పదిలంగానే ఉంటుంది. ఆజ్ఞే చేతిదాకా రాదు.

ఆసులో బాధ వేరు. ఆజ్ఞ ప్రతిసారీ చక్కగా అందుతుంది, దాన్ని వేలసార్లు మోసే భుజమే దెబ్బతింటుంది. మెదడుకు అలవాటైతే కీలుకు బరువు తగ్గదు కదా. ఆలేరు దగ్గర శారాజీపేటలో తల్లి లక్ష్మి పడే భుజంనొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఏళ్లపాటు తంటాలుపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. చీరకు నాలుగైదు గంటలు పట్టే పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది. యంత్రం తీసుకున్నది విసురును మాత్రమే. ఏ పోగు ఎక్కడ కట్టాలి, ఏ రంగు ఎక్కడ ఆగాలి అన్న లెక్క ఇప్పటికీ మనిషిదే.

పోచంపల్లి అయినా, పాలమూరు వైపు నారాయణపేట, గద్వాల అయినా చీర ధర కట్టేటప్పుడు నూలు, రంగు, మగ్గం మీద గడిచిన రోజులు లెక్కలోకి వస్తాయి. మగ్గం ఎక్కకముందు ఇంటి ఆడవాళ్లు చేసిన పని చాలాసార్లు ఇంటిపనిలో కలిసిపోతుంది. అది ఏళ్లు పట్టి మెదడు నేర్చుకున్న విద్య. ఆసుకు, కండెలు చుట్టినందుకు కూలి విడిగా రాయాలి. అదీ చేసిన మనిషి పేరునే రాయాలి.