ఎండువాగులో బంగారం జాడ

అమెరికాలోని అరిజోనా ఎడారిలో వాగులు ఏడాదిలో ఎక్కువ కాలం ఒట్టి ఇసుకే. జులై నుంచి సెప్టెంబరు మధ్య ఎక్కడో ఎగువ కొండల మీద కుంభవృష్టి కురిస్తే, దిగువన చినుకైనా పడకుండానే బురద వరద విరుచుకుపడుతుంది. కొన్ని గంటల్లో ఇంకిపోతుంది. కొండలో పుట్టిన బంగారాన్ని వాగులోకి దింపేది ఈ కొద్దిసేపటి నీళ్లే. అవి ఎక్కడ పరుగెత్తాయో, ఎక్కడ నీరసించాయో ఇసుకనూ రాళ్లనూ చూసి పోల్చుకునే విద్య ఒకటి ఈ ఎడారిలో తరాలుగా బతికి ఉంది.

1862లో కొలరాడో నదికి తూర్పున లాపాజ్ దగ్గర బంగారం బయటపడినప్పుడు జనం వేలంవెర్రిగా వచ్చారు. నది దూరం, తవ్వే చోట నీళ్లు లేవు. అక్కడ పని సాగడంలో మెక్సికోలోని సొనోరా నుంచి వచ్చిన గనివాళ్ల పాత్ర పెద్దది. బతేయా అనే చెక్క పళ్లెంలో ఎండుమట్టిని ఎగరేసి, దుమ్ము గాలికి పోతే అడుగున మిగిలిన బరువును ఏరుకునేవాళ్లు. మన రైతులు కళ్లంలో ధాన్యం తూర్పారబట్టినట్టే. తర్వాత వచ్చిన యంత్రాలు కూడా ఈ సూత్రం మీదే నడిచాయి: వాలుగా పరిచిన గుడ్డ మీదికి మట్టి జారుతుంటే, కింద నుంచి తిత్తి గాలి కొట్టి తేలికైనదాన్ని లేపేస్తుంది, బరువైనది అడ్డుపట్టీల వెనక ఆగిపోతుంది. ఇంత నేర్పిన సొనోరా గనివాళ్లకు దక్కిన గౌరవం తక్కువే. వాళ్లలో ఎందరో అంతకుముందే కాలిఫోర్నియాలో తవ్వినవాళ్లు. 1850లో అక్కడ విదేశీ గనివాళ్ల మీద నెలకు 20 డాలర్ల పన్ను వేస్తే చాలామంది పనులు వదిలి వెళ్లిపోయారు. ఎడారి బంగారం కథలో వాళ్ల పేరు ముందు రావాలని నా అభిప్రాయం.

ఇక వాగును చదవడం. స్వచ్ఛమైన బంగారం నీటికంటే 19 రెట్లకు పైగా బరువు. ఇసుకలోని క్వార్ట్జ్ 2.65 రెట్లే, నల్ల ఇసుకలోని మాగ్నటైట్ సుమారు 5 రెట్లు. వరద కాస్త నీరసించగానే ముందు దిగేది బంగారం. అందుకే వాగు వంపు తిరిగే చోట, నీళ్లు కోసేసిన బయటి గట్టు దగ్గర కాకుండా లోపలి వైపు గులకలో వెతుకుతారు. ఇరుకు దారి ఉన్నట్టుండి వెడల్పయ్యే చోటు, ఏటవాలు తగ్గే చోటు, పెద్ద బండరాయి వెనక మడుగు, వాగుకు అడ్డంగా లేచిన రాతి పట్టీలు, వాటి పగుళ్లు – ఇవన్నీ నమ్మదగినవి. నల్ల ఇసుక చారలు కనిపిస్తే బరువైనవి అక్కడ చేరుతున్నాయని అర్థం. బంగారం తప్పక ఉంటుందని మాత్రం కాదు.

నదుల్లో ఆరితేరినవాళ్లు పొరబడేది గులక కింద ఉండే అడుగుబండ విషయంలో. ఎప్పుడూ పారే నదిలో గులక కదులుతూనే ఉంటుంది కాబట్టి బంగారం మెల్లగా జారి అడుగుబండను చేరుతుంది. ఎడారి వరదకు అంత తీరిక లేదు. మట్టినీ రాళ్లనూ కలిపి మోసుకొచ్చి, నీళ్లు ఇసుకలోకి ఇంకగానే ఉన్నచోటనే కుమ్మరించేస్తుంది. బంగారం సగం లోతులోనే చిక్కుకుంటుంది. దాని మీద మరో వరద మరో పొర పరుస్తుంది. అందుకే తెలిసినవాళ్లు ముందు కోతపడిన గట్టు ముందు నిలబడి పొరలు చూస్తారు. ముతక గులక చార ఎక్కడుందో, దాని కింద నేల ఎంత గట్టిగా ఉందో పరిశీలించి, ఒక్కో పొర నుంచీ విడిగా మట్టి తీసి పరీక్షిస్తారు. నేరుగా అడుగుబండ దాకా తవ్వినవాడు మంచి పొరను పక్కన కుప్ప పోసేసే ప్రమాదం ఉంది.

ఆ గట్టి నేల చాలాసార్లు కలీచీ. వాననీటిలో కరిగిన సున్నం, నీరు ఆవిరయ్యాక మిగిలి, గులకను సిమెంటులా బిగించేస్తుంది. వరదకు అదే అడుగుబండ అవుతుంది. బంగారం దాని మీదే ఆగుతుంది. పాత వరదలది అందులోనే ఇరుక్కుపోయి ఉండొచ్చు కూడా, కనుక ముక్కలు పగలగొట్టి చూడాలి. వాగుకు పైన, గట్టు మీద అరిగి నునుపెక్కిన రాళ్లు కనిపిస్తే అది ఒకప్పటి వాగు అడుగు. నేటి వాగు దాన్ని కోసుకుంటూ పోతే, కోతకు కాస్త దిగువన ఆ పాత బంగారం మళ్లీ పోగవుతుంది.

ఇదంతా ఊహే. తేల్చేది పరీక్ష. ఒకే కొలత మట్టిని వేర్వేరు చోట్ల తీసి, పళ్లెంలో మిగిలిన బంగారు పలుకులు లెక్కపెడుతూ ఎగువకు నడుస్తారు. మట్టి పూర్తిగా ఎండి ఉండాలి. కాస్త తడి ఉన్నా ఉండలు కట్టి, పలుకులు వాటితోపాటే పోతాయి. దొరికిన పలుకు నునుపుగా, అణిగి ఉంటే దూరం నుంచి వచ్చింది. గరుకుగా, క్వార్ట్జ్ అంటుకుని ఉంటే పుట్టినచోటు దగ్గరే. పాయలు కలిసే చోట రెండింటినీ పరీక్షించి, పలుకులున్న పాయనే పట్టుకుంటారు. ఒక చోటు దాటాక పలుకులు హఠాత్తుగా ఆగిపోతే, ఇక వాగును వదిలి పక్క వాలు ఎక్కి, తుప్పు రంగు పట్టిన క్వార్ట్జ్ ముక్కల కోసం చూస్తారు.