నంబరు పాతది, ఒళ్లు కొత్తది

పైన చెక్కిన నంబరు చూస్తే 1920ల చివర్లో పుట్టిన లైకా కెమెరా. దాని నెత్తిన చూస్తే 1932లో గానీ రాని, దూరం కొలిచే రేంజ్‌ఫైండర్, ముందువైపు 1933 నాటి స్లో స్పీడ్ల డయల్, వెనక 1950ల తరహా ఫ్లాష్ సాకెట్టు! కొత్తగా కొనేవారు ఇలాంటిది చూసి నకిలీ సరుకేమోనని జంకుతారు. నేను మాత్రం ఏరికోరి ఇలాంటిదే కొన్నాను.

ఆస్కార్ బార్నాక్ రూపొందించిన తొలి లైకాను జర్మనీలోని వెట్స్‌లార్‌కు చెందిన లైట్జ్ కంపెనీ 1925లో లైప్‌జిగ్ ప్రదర్శనలో జనం ముందు పెట్టింది. సినిమా ఫిల్మునే అడ్డంగా నడిపి, సినిమా ఫ్రేముకు రెట్టింపు, 24×36 మిల్లీమీటర్ల బొమ్మ తీసేది. అప్పటికింకా లెన్సు ఊడిరాదు. దూరం కళ్లతో అంచనా కట్టుకోవాల్సిందే. తర్వాత మోడల్ మీద మోడల్ వచ్చింది. అయినా కంపెనీ పాతదాన్ని పారేయమనలేదు. ఫ్యాక్టరీకి పంపితే కొత్త మోడల్ భాగాలు అమర్చి, పాత నంబరుతోనే తిరిగిచ్చేది. పెంకుటిల్లు పడగొట్టకుండా దానిమీదే మేడ కట్టుకున్నట్టు. మార్పు తగలని కెమెరాకు సేకరణదారులు ఎక్కువ ధర పెడతారు. ఫొటోలు తీసుకోదలచినవారికి మాత్రం మార్చినదే మేలు: తక్కువ ధరకే ఎక్కువ పనితనం చేతికొస్తుంది.

కొనేముందు లెన్సు విప్పించి, బిగించే చుట్టు మీద పైభాగాన చిన్న సున్నా ఉందేమో చూడండి. తొలినాళ్లలో ఏ కెమెరాకు ఆ లెన్సునే విడిగా జతచేసేవారు. ఏ లెన్సయినా పట్టేలా కొలత స్థిరపడ్డాక వేసిన గుర్తు ఆ సున్నా. అక్కడే లోపల, పైభాగాన, లెన్సు కదలికను రేంజ్‌ఫైండర్‌కు అందించే మీట ఉంటుంది. దాని కొనకు గుండ్రని చిన్న చక్రం ఉంటే లైకా. చీల ఆకారంలో మొద్దుగా ఉంటే చాలావరకు సోవియట్ ఫెడ్, లేదా జోర్కి. ఆ రెండూ లైకాను చూసి చేసినవే, వాటి మీద లైకా పేరు చెక్కి అమ్మినవి లోకంలో బోలెడు. సొంత పేరుతో ఉన్న ఫెడ్ మీద నాకు గౌరవమే. పేరు మార్చి అమ్మడమే తప్పు.

రేంజ్‌ఫైండర్‌కు ముందు రెండు చిన్న కిటికీలు, మన రెండు కళ్లలాగే. రెండింటి బొమ్మలూ లోపల ఒకదానిమీద ఒకటి పడతాయి. లెన్సు తిప్పుతుంటే జంటగా ఉన్నవి దగ్గరికి జరిగి ఒకటవుతాయి. ఆ క్షణమే ఫోకస్. ఇందుకు వాడే సగం పూత అద్దం ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతుంది. లెన్సును అనంతం దగ్గర పెట్టి రాత్రి చంద్రుణ్ని చూడండి. ఇద్దరు చంద్రులు కనిపిస్తే సరిచేయించాలి, లెన్సు తిప్పినా రెండో చంద్రుడు కనిపించకపోతే అద్దం మార్పించాలి.

షట్టరు రబ్బరు పూసిన గుడ్డతెర. మూత లేకుండా ఎండకు పెడితే లెన్సు భూతద్దమై దాన్ని కాల్చేస్తుంది. దుకాణంలో టిక్కుమన్న చప్పుడు విని మురిసిపోవద్దు. ఒక రీలు తీసి కడిగించేదాకా అసలు సంగతి తెలియదు. ప్రతి ఫొటోలో తెల్లచుక్కలు పడితే తెరకు చిల్లు. వేగం పెంచినప్పుడు ఫ్రేములో ఒక పక్క నల్లబడితే తెరలు సమంగా పరుగెత్తడం లేదు. మరొక జాగ్రత్త: ముందు రీలు తిప్పి, ఆ తర్వాతే వేగం పెట్టాలి.

ఫ్లాష్ సాకెట్టు దగ్గర మరికాస్త ఆగండి. ఫ్యాక్టరీ పనైతే స్పీడ్ డయల్ కింద అంకెలున్న వలయం కనబడుతుంది. అది లేకుండా రేకుకు బెజ్జం పెట్టి సాకెట్టు దిగ్గొట్టి ఉంటే బయటి మరమ్మతే. అదీ పనిచేయవచ్చు, కాకపోతే ఫ్యాక్టరీ ధర ఇవ్వకూడదు.

కొన్నాక ఫిల్ము మొన సుమారు పది సెంటీమీటర్లు సన్నగా కత్తిరించి, అడుగు మూత తీసి దూర్చండి. మీటరు దూరంలో ఒక స్కేలును ఏటవాలుగా పెట్టి, లెన్సు పూర్తిగా తెరిచి, మధ్య గీత మీద రెండు బొమ్మలూ కలిపి నొక్కండి. నెగటివ్‌లో ఏ గీత స్ఫుటంగా పడిందో చూసుకోండి.