లీకేజీ లెక్క: స్మార్ట్‌కార్డుల మూల్యాంకనంపై ఒక విమర్శ

గత భాగంలో కార్యక్రమ మూల్యాంకనం అంటే ఏమిటో తెలుసుకున్నారు. ఈ భాగంలో ఆ పద్ధతిలో జరిగిన ఒక పెద్ద అధ్యయనాన్ని విమర్శ దృష్టితో చదువుదాం. ఇది నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది. రేపు మీరు ప్రభుత్వ పథకాలపై నివేదికలు రాసే సలహాదారు దగ్గర పనికి చేరితే, మీ ముందుకు వచ్చే మొదటి కాగితాల్లో ఇది ఉండవచ్చు.

ఉపాధి హామీ కూలి, సామాజిక పింఛన్లను వేలిముద్రతో చెల్లించే స్మార్ట్‌కార్డులను ప్రభుత్వం ప్రవేశపెట్టింది. ఎనిమిది జిల్లాల్లో 157 మండలాలను తీసుకొని, ఏ మండలంలో ముందు, ఏ మండలంలో తరువాత మొదలుపెట్టాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. ఆ మండలాల జనాభా సుమారు 1 కోటి 90 లక్షలు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ ఫలితాలను 2016లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో ప్రచురించారు. లాటరీ వేయడం వల్ల ముందు వరుస మండలాలు, తరువాతి వరుస మండలాలు సగటున ఒకే తీరుగా ఉంటాయి. కాబట్టి తేడా కనిపిస్తే అది కార్డుల వల్లనే అనడానికి ఆధారం దొరుకుతుంది. ఈ విషయంలో అధ్యయనాన్ని తప్పుపట్టడానికి పెద్దగా ఏమీ లేదు.

ఇక లీకేజీని ఎలా కొలిచారో చూడండి. ఇది ఫోరెన్సిక్ ఆర్థికశాస్త్రపు పని. (మోటారు ప్రమాద కేసుల్లో పోయిన సంపాదనను లెక్కగట్టడాన్ని కూడా ఇదే పేరుతో పిలుస్తారు, ఇక్కడ మన విషయం అది కాదు.) దొంగతనం చేసినవారు దాన్ని రికార్డులో రాయరు. కాబట్టి ఒకే డబ్బుకు సంబంధించిన రెండు లెక్కలను పక్కపక్కన పెట్టాలి. ప్రభుత్వ రికార్డు ఫలానా జాబ్ కార్డుకు ఇంత చెల్లించామంటుంది. ఆ ఇంటికి వెళ్ళి అడిగితే మాకు ఇంత అందిందంటారు. మధ్యలో మాయమైనదే లీకేజీ. కార్డులు రాని మండలాల్లో ఇది 30.7 శాతం. కార్డులు వచ్చినచోట 12.7 శాతం బిందువులు తగ్గింది. 30.7లో 12.7 అంటే 41 శాతం తగ్గుదల. నివేదికల్లో పెద్ద అంకెనే పెద్ద అక్షరాలతో వేస్తారు, గమనించండి.

ఇందులో ఇంటివారి లెక్క జ్ఞాపకం మీద ఆధారపడినది. కొన్ని వారాల కిందట ఎన్ని రోజులు పనిచేశారో, ఎంత అందిందో అందరికీ సరిగా గుర్తుండదు. మరచిపోవడం రెండు రకాల మండలాల్లోనూ ఒకేలా ఉంటే రెంటి మధ్య తేడా దాదాపు నిలబడుతుంది, 30.7 అన్న స్థాయి మాత్రం నిలబడదు. కాబట్టి ఈ అధ్యయనాన్ని చూపి కార్డులు లీకేజీని తగ్గించాయని రాయవచ్చు. ఉపాధి హామీలో మూడో వంతు తినేస్తున్నారని రాయడానికి ఇదొక్కటే చాలదు.

రెండో లోపం భౌగోళికమైనది. సైనిక్‌పురిలో ఇల్లున్నవారు నాచారం పారిశ్రామికవాడలో పని చేస్తారు. మున్సిపల్ సర్కిల్ హద్దు వారిని ఆపదు. పల్లెల్లో కూలీలకు మండలం హద్దు కూడా అంతే. ఒక మండలంలో కూలి రేటు పెరిగితే పక్క మండలంలోనూ పెరుగుతుంది. అప్పుడు పోలికకు పెట్టుకున్న మండలం కూడా మారిపోయి, తేడా అసలుకన్నా చిన్నదిగా కనిపిస్తుంది. అదే రచయితలు 2023లో ఎకనామెట్రికాలో ప్రచురించిన వ్యాసంలో దీన్ని సరిదిద్దారు. ఊళ్ళ మధ్య దూరాలు కొలిచి, ప్రతి ఊరి చుట్టుపక్కల ఎంతమేర కార్డులు వచ్చాయో లెక్కలోకి తీసుకున్నారు. కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగిందని, ఆ పెరుగుదలలో 86 శాతం పథకం కూలి నుంచి కాక బయటి సంపాదన నుంచి వచ్చిందని తేలింది. పటం లేకుండా మొదటి లెక్కతోనే ఆగి ఉంటే పక్క మండలాల ప్రభావం లెక్కలోకి వచ్చేది కాదు.

నా అసలు అభ్యంతరం వీటి గురించి కాదు, ఈ అధ్యయనాన్ని ఉదహరించే తీరు గురించి. రెండేళ్ళ తరువాత కూడా కార్డుల మండలాల్లో సుమారు సగం చెల్లింపులే కార్డులతో జరిగాయి. కార్డు లేనివారికి, వేలిముద్ర పడనివారికి పాత పద్ధతిలో డబ్బు ఇవ్వడం ఆపలేదు. చాలామంది దీన్ని అమలులో లోపంగా చదువుతారు. నా ఉద్దేశంలో, అర్హులెవరూ బయటపడిపోలేదన్న ఫలితానికి ఆ సడలింపే ముఖ్య కారణం. పైగా వేలిముద్రతోపాటు చెల్లింపు చోటు కూడా మారింది. ఊళ్ళోనే ఒక మహిళ డబ్బు పంచేది. ఏ మార్పు వల్ల ఎంత మేలు జరిగిందో విడదీయడానికి రచయితలు ప్రయత్నించారు గాని, ఆ భాగానికి లాటరీ బలం లేదు.

జార్ఖండ్‌తో పోల్చి చూడండి. అక్కడ రేషన్‌కు ఆధార్ వేలిముద్రను గట్టిగా అమలు చేసినప్పుడు ఈ పరిశోధకులే మళ్ళీ లాటరీ పద్ధతిలో మూల్యాంకనం చేశారు. వేలిముద్ర ఒక్కటే లీకేజీని తగ్గించలేదు. కొందరు అర్హులు సరుకులు కోల్పోయారు. తరువాత డీలర్ల దగ్గర మిగిలిన నిల్వలను లెక్కగట్టి కోత వేసినప్పుడు లీకేజీ తగ్గింది, దానితోపాటు నిజమైన కార్డుదారుల సరుకూ తగ్గింది. యంత్రం దాదాపు ఒకటే. ముద్ర పడనప్పుడు ఏం చేయాలన్న నియమం వేరు. 41 శాతం అన్న అంకెను ఉదహరిస్తూ ఆ నియమం సంగతి వదిలేసిన నివేదిక, రాళ్ళు మోసి వేళ్ళు అరిగిన ముసలమ్మ పింఛనును లెక్కలోంచి తీసేసినట్టే.

అభ్యాసం: మీ వాడలో పింఛను తీసుకునే ఐదుగురిని కలవండి. ఈ ఏడాది ఏ నెలలోనైనా వేలిముద్ర పడలేదా, పడనప్పుడు ఎన్నిసార్లు తిరిగారు, చివరకు డబ్బు అందిందా అని అడగండి. జవాబులతోపాటు ఇంటినుంచి చెల్లింపు చోటుకు దూరం కూడా రాసుకోండి. ఆ నెల రికార్డులో చెల్లించినట్టు ఉందో లేదో పాసుపుస్తకంతో సరిచూసి, రెండు పుటలకు మించకుండా రాయండి.