ఎడమచేతి కత్తి

నా దగ్గర రెండు కత్తులున్నాయి. రెండూ మడవనివే, ఒరలో పెట్టుకుని తిరిగేవే. ఒకటి విదేశీ కంపెనీది. దాని అలుగు మీద సన్నటి అక్షరాలతో 147/500 అని ఉంటుంది. ఆ రకం ఐదు వందలే చేశారని, ఇది నూట నలభై ఏడోదని అర్థం. రెండోది మా ఊరి ఆచారి గారు చేసిచ్చింది. దాని మీద అంకె లేదు, పేరు లేదు. వీపు దగ్గర సుత్తి దెబ్బల జాడలు మాత్రం మిగిలాయి. తోటలోకి వెళ్లేటప్పుడు నా నడుముకి ఉండేది ఈ రెండోదే.

ఎందుకంటే నాది ఎడమచేతి వాటం. మా ఇంట్లో వెదురు చీల్చే కత్తికి ఒకవైపే వాలు ఉండేది. రెండోవైపు బల్లపరుపు. అలాంటి కత్తి కుడిచేతిలో తిన్నగా దిగుతుంది, ఎడమచేతిలోకి వచ్చేసరికి పక్కకి లాగుతుంది. నేను చీల్చిన బద్ద ఒక కొస వేలంత మందంగా, రెండో కొస కాగితంలా వచ్చేది. ఎడమచేతి పని అలాగే ఉంటుందనేవారు పెద్దవాళ్లు. తప్పు నా చేతిదేనని ముప్ఫై ఏళ్లు నమ్మాను.

ఒకరోజు ఆ కత్తికే సాన పట్టించడానికి కొలిమికి వెళ్లాను. పదును చూడమని ఆచారి గారు ఓ కర్రముక్క ఇచ్చారు. నేను చెక్కుతుంటే కత్తి వంక కాదు, నా మణికట్టు వంక చూశారు. "ఇది నీ కత్తి కాదు బాబూ, కుడిచేతి వాళ్లది. నీకు వేరే చెయ్యాలి" అన్నారు. తడి బంకమట్టి ముద్ద చేతికిచ్చి గట్టిగా పట్టుకోమన్నారు. నా నాలుగు వేళ్లూ, బొటనవేలూ పడిన ఆ ముద్దని అలాగే నీడన ఆరబెట్టారు. పిడికి కొలత అదే.

ఇనుము పాత లారీ కమాన్ పట్టీ. బరువు మోస్తూ కొన్నేళ్లపాటు వంగి లేచిన ఉక్కు అది, విరగడం కంటే వంగడం ఎక్కువ తెలిసినది. ఎర్రగా కాల్చి సాగగొట్టడం ఒక పూట పని. అసలు పరీక్ష ఆ తర్వాత, కాల్చి ముంచి పదును పెట్టేటప్పుడు. మొదటి కత్తిని నీళ్లలో ముంచగానే చిటుక్కుమంది. అంచు నుంచి వీపు దాకా వెంట్రుకంత బీట. ఆచారి గారు ఒక్క మాట కూడా అనకుండా దాన్ని పక్కన పడేసి, మరో పట్టీ ముక్క కొలిమిలో పెట్టారు. రెండోదాన్ని నూనెలో దించారు. ఇలాంటి ఉక్కుకి నీళ్లు మరీ త్వరగా చల్లారుస్తాయి. నూనె కాస్త నెమ్మది.

అలా గట్టిపడిన అంచు గాజులా పెళుసుగా ఉంటుంది. దాన్ని మళ్లీ కొంచెం మెత్తబరచాలి. అంచు మీద మసి ఆకురాయితో గీకి మెరిపించి, వీపుని నిప్పుల మీద పెట్టారు. వేడి వీపు నుంచి అంచు వైపు పాకుతుంటే మెరుగు మీద రంగులు కదులుతాయి. ముందు ఎండుగడ్డి రంగు, ఆ తర్వాత గోధుమ, వంకాయ, చివరికి నీలం. వీపు నీలానికి తిరిగాక, అంచు ఇంకా గడ్డిరంగులో ఉండగానే తీసెయ్యాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే అంచు మెత్తబడిపోతుంది. ఆ కాసేపూ ఆయన రెప్ప వెయ్యడం నేను చూడలేదు. థర్మామీటరు లేని చోట కన్ను చేసే పని అది. వాలు మాత్రం ఎడమవైపే తీశారు. తుమ్మకర్ర పిడి బిగించి ఇచ్చాక వెదురు చీల్చాను. బద్ద రెండు కొసలా ఒకే మందం. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

బండి పట్టీ నుంచి కత్తి తీయడం మన ఊళ్ల పద్ధతే అనుకునేవాణ్ని. కాదని తర్వాత తెలిసింది. 1953లో అమెరికాలో రాబర్ట్ లవ్‌లెస్ అనే యువ నావికుడు న్యూయార్క్‌లోని అబర్‌క్రోంబీ అండ్ ఫిచ్ దుకాణంలో రాండాల్ కత్తి కొనబోయాడు. ఆ కత్తులు ఫ్లోరిడాలో బో రాండాల్ అనే నారింజ తోటల రైతు మొదలుపెట్టినవి. తొమ్మిది నెలలు ఆగాలన్నారు దుకాణం వాళ్లు. లవ్‌లెస్ ఆగలేదు. 1937 నాటి ప్యాకర్డ్ కారు స్ప్రింగు పట్టీ సంపాదించి తన కత్తి తనే చేసుకున్నాడు. తర్వాత అదే దుకాణం అతని కత్తులు అమ్మింది. వీపు మొన వైపు కొద్దిగా కిందికి వాలే అతని వేటకత్తిని ఈనాడు ప్రపంచమంతా అనుకరిస్తోంది. మొన కిందికి ఉండడం వల్ల తోలు ఒలిచేటప్పుడు అది లోపలి పేగుల్లో గుచ్చుకోదు. పిడిలోకి దిగే ఇనుమునీ చివరికి పోనుపోను పలచబరిచేవాడు. వెనక బరువు తగ్గి కత్తి తూకం చేతిలో కుదురుతుంది.

గెర్బర్, ష్రేడ్, బెరెట్టా వంటి కంపెనీలు లవ్‌లెస్ నమూనాలు తీసుకుని కత్తులు చేశాయి. వాటిలో మంచివి ఉన్నాయి. కానీ 2010లో పోయేదాకా ఆయన తన చేత్తో చేసినవాటికి ఈనాడు వేల డాలర్లు పలుకుతాయి. రాండాల్ వారి కొలిమిలో ఆర్డరు ఇచ్చినవాళ్లు ఇప్పటికీ ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు. వాళ్ల హద్దు ముందుగా వేసుకున్న అంకె కాదు. రోజుకి ఇన్నే గంటలు, మనిషికి రెండే చేతులు.

ఇంకో హద్దు నేల పెట్టేది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసలో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. హెన్రీ వాయిసీ అనే సర్వే అధికారి చూసి రాసిన వివరాలు ఆయన పోయాక 1832లో అచ్చయ్యాయి. ఆ ఉక్కుని ఇంగ్లీషువాళ్లు వూట్జ్ అన్నారు. ఆ మాట మూలం మన 'ఉక్కు'లోనో, కన్నడ 'ఉక్కు'లోనో ఉందంటారు. ఆ తరహా ఉక్కు మీద నీటి అలల్లాంటి గీతలు తేలతాయి. ఆ విద్య అంతరించాక దాన్ని మళ్లీ పట్టుకున్నవాళ్లలో ఫ్లోరిడాలో గుర్రాలకు లాడాలు కొట్టే ఆల్ పెండ్రే ఒకడు. అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం లోహశాస్త్రవేత్త జాన్ వర్హోవెన్‌తో కలిసి ఏళ్ల తరబడి మూసలు కరిగించాడు. ఖనిజంలో అతి స్వల్పంగా ఉండే వెనేడియం వంటి మలినాలే ఆ గీతలకు కారణమని 1998లో వాళ్లు రాశారు. అలాంటి ఖనిజం దొరకడం ఆగిపోవడమే ఆ విద్య అంతరించడానికి కారణం కావచ్చన్నది వాళ్ల ఊహ. గనిలో రాయి మారితే కత్తి మీద గీత మారిపోతుంది.

ఇక 147/500 సంగతి. దాన్ని తీసిపారెయ్యను. చిన్న తడవలు చెయ్యడం వల్ల కంపెనీలు ఖరీదైన, సాన పట్టడం కష్టమైన కొత్త ఉక్కుల్ని ధైర్యంగా వాడి చూస్తాయి. ఆ కత్తి అంచు ఆచారి గారి కత్తి కంటే మూడు రెట్లు ఎక్కువ కాలం నిలుస్తుంది, అది నిజం. కానీ అందులో ఐదు వందలూ ఒకేలా ఉంటాయి, ఐదు వందల చేతులు ఒకేలా ఉండవు. ఎడమచేతి వాటం వాళ్లకి ఉందా అని ఉత్తరం రాస్తే, ఈ తడవలో లేదని జవాబు వచ్చింది. పిడి రంగు మార్చి, అచ్చు అంకె వేసి దాన్ని ప్రత్యేకం అనడం నాకు నచ్చదు. ప్రత్యేకం అన్న మాట ఒక మనిషిని చూసి చేసినదానికే చెల్లుతుంది.

చేసిన పనికి పంటలో వాటాగా మేర కొలిచిన రోజుల్లో మన కమ్మరి ఇంటింటి చెయ్యీ ఎరిగినవాడు. ఎవరి కొడవలికి ఎంత వంపు, ఎవరి గొడ్డలికి ఎంత బరువు అన్నది ఆయనకి కాగితం లేకుండా తెలుసు. ఆ మేర పోయింది. ఆ స్థానంలో మనం ఏమీ పెట్టలేదు. ఆచారి గారికి ఇప్పుడు డెబ్బై దాటాయి. వారానికి రెండు రోజులే కొలిమి రాజేస్తున్నారు. నా మట్టిముద్ద ఇంకా ఆయన గూట్లోనే ఉంది.

మీ ఇంట్లో ఎడమచేతి వాటం పిల్లలుంటే, దగ్గర్లో కొలిమి ఉంటే, ఒకసారి వెళ్లండి. పాత కత్తిని మాత్రమే పంపించి ఊరుకోకండి. పిల్లల్ని వెంట తీసుకెళ్లండి.