రంగు పీపాది

బట్టీలోంచి దిగిన విస్కీకి రంగుండదు. మంచినీళ్ళలా ఉంటుంది, నాలుక మీద పెడితే చుర్రుమంటుంది. సాధారణంగా 63.5 శాతం ఆల్కహాల్ దగ్గర దాన్ని ఓక్ పీపాల్లోకి నింపుతారు. మన ఆవకాయ మూడో రోజుకి ఊరుతుంది. స్కాచ్‌కి చట్టమే కనీసం మూడేళ్ళు పెట్టింది, అదీ స్కాట్లండ్ గడ్డ మీదే ఊరాలి. రంగు తక్కువైతే కారమెల్ కలుపుకోవడానికి ఆ చట్టమే ఒప్పుకుంటుంది. గ్లెన్‌ఫార్క్లస్ వాళ్ళు కలపరు.

స్పేసైడ్ ప్రాంతంలో, బెన్ రిన్నెస్ కొండ కింద ఉంది ఈ డిస్టిలరీ. 1836లో లైసెన్సు వచ్చింది. 1865లో జాన్ గ్రాంట్ అనే రైతు 511 పౌండ్ల 19 షిల్లింగులకు కొన్నాడు. ఇప్పుడు ఆరో తరం చేతికొచ్చింది.

వీళ్ళ మొండితనం బట్టీ దగ్గరే కనిపిస్తుంది. స్కాట్లండ్‌లో చాలామంది ఆవిరి గొట్టాలకు మారిపోయినా, ఇక్కడ ఇంకా రాగి బట్టీ కింద గ్యాస్ మంటే. పులిసిన బార్లీ కషాయం అడుగంటకుండా లోపల గొలుసులు తిరుగుతూ అడుగు గోకుతుంటాయి. 1981లో ఆవిరితో కాచి చూశారు. సారాలో బరువు తగ్గింది, మళ్ళీ మంటకే వచ్చారు.

ఆ బరువుకి తగ్గ చెక్క కావాలి. అందుకే స్పెయిన్‌లో ఒలొరోసో షెర్రీ అనే వైన్ పట్టిన పీపాలు తెప్పిస్తారు. ఒకప్పుడు షెర్రీ పీపాల్లోనే బ్రిటన్‌కు దిగేది, ఖాళీ పీపాలు విస్కీవాళ్ళకు చవగ్గా దొరికేవి. 1980ల నుంచి షెర్రీ స్పెయిన్‌లోనే సీసాల్లోకి ఎక్కుతోంది. ఇప్పుడు పరిశ్రమంతా విస్కీ కోసమే పీపాలు చేయించి, వాటికి షెర్రీ పట్టించి కొనుక్కుంటోంది. సీసా మీద ‘షెర్రీ కాస్క్’ అని చదివి ఏ పాత వైన్ కొట్టునో ఊహించుకోనక్కర్లేదు.

గిడ్డంగి మట్టి నేల, రాతి గోడలు, పలకరాతి కప్పు. పీపాలు మూడు వరసలకు మించి పేర్చరు. వేడికి సారా వ్యాకోచించి చెక్కలోకి దూరుతుంది, చలికి వెనక్కి వస్తూ ఓక్‌లోని వెనీలా వాసననూ వగరునూ రంగునూ లాక్కొస్తుంది. స్కాట్లండ్ చల్లదనం వల్ల ఏటా ఆవిరయ్యేది సుమారు 2 శాతం. దానికి వాళ్ళు దేవదూతల వాటా అని పేరు పెట్టారు. బెంగళూరులోని అమృత్ డిస్టిలరీ గిడ్డంగిలో ఈ వాటా 10 శాతం దాటుతుంది. మన దేవదూతలకు దాహం ఎక్కువ! అక్కడ నాలుగైదేళ్ళకే విస్కీ పక్వానికొస్తుంది కాబట్టి, సీసా మీది వయసును చూసి నాణ్యత కొలవడం నాకు నచ్చదు.

కానీ గ్లెన్‌ఫార్క్లస్ 2007లో ‘ఫ్యామిలీ కాస్క్స్’ పేరుతో బయటపెట్టిన వరస వేరే సంగతి. 1952 నుంచి 1994 దాకా ఏడాదికొక పీపా, మధ్యలో ఒక్క ఏడాదీ ఖాళీ లేదు. 500 లీటర్ల పీపాలో ఏటా 2 శాతం పోతే, నలభై ఏళ్ళకు మిగిలేది సగం కన్నా తక్కువే. ఆల్కహాల్ 40 శాతం కిందికి జారితే దాన్ని స్కాచ్ అని అమ్మనివ్వరు. ముసలి పీపాల బిరడా తీసి మధ్యమధ్య కొలుస్తూనే ఉండాలి.